తీగ ఎటు పోతోందో తెలిసిన రోజులు

మిరప సీజను ఊపందుకుంటున్న ఫిబ్రవరిలో గుంటూరు నుంచి ఫోను వచ్చింది. అక్కడొక కోల్డ్ స్టోరేజీలో ముప్పై ఏళ్లకు పైగా కంప్యూటరు లెక్కలు చూశాను. ఇప్పుడా పని యజమాని తమ్ముడి కొడుకు చూసుకుంటున్నాడు. ఇంజినీరింగ్ చదివాడు, చురుకైన కుర్రాడు, నన్ను బాబాయ్ అంటాడు.

"బాబాయ్, మన యాక్సెస్ ప్రోగ్రాముని కొత్త సర్వర్‌కి కనెక్ట్ చేసేశా. అయిపోయింది."

"ఏ సర్వర్‌కి రా?"

"క్లౌడ్‌లో ఉంది బాబాయ్. మిషన్ అద్దెకి తీసుకున్నాం."

"ఏ పోర్టు మీద పోతోంది? ఏ లాగిన్‌తో?"

"అదంతా కనెక్షన్ స్ట్రింగ్‌లో ఉంటుంది బాబాయ్. నెట్‌లో దొరికింది, పేస్ట్ చేశా, పనిచేసింది."

పేస్ట్ చేశా, పనిచేసింది! ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ ఒక్క కుర్రాడి గొడవ కాదిది. ఈ మధ్య ఏ ఆఫీసుకు వెళ్లినా ఇదే మాట. చిట్‌ఫండ్ ఆఫీసు, మందుల హోల్‌సేల్ షాపు, రైస్ మిల్లు, ఎక్కడ చూసినా బల్ల మీద ఒక యాక్సెస్ ఫైలో, లిబ్రే ఆఫీస్ బేసో, పాత విజువల్ బేసిక్ ప్రోగ్రామో ఉంటుంది. దానికి అవతల ఎక్కడో ఒక డేటాబేస్ సర్వర్ ఉంటుంది. ఈ రెంటి మధ్య దారి ఏమిటో, ఆ దారిలో ఎన్ని గుమ్మాలున్నాయో, ఏ గుమ్మం దగ్గర ఎవరు కాపలా ఉన్నారో చెప్పగలిగినవాడు ఆ ఆఫీసులో ఒక్కడూ ఉండడు. తెర మీద వరుసలు కనపడ్డాయి, చాలంటారు.

ఆ వరుసలు ఎవరివి? కోల్డ్ స్టోరేజీలో ఒక వరుస అంటే ఒక రైతు ఏడాది కష్టం. యార్డులో ధర లేదని, నాలుగు నెలలు ఆగితే రేటు వస్తుందని ఏసీలో పెట్టుకున్న సరుకు. లాటు నంబరు, టిక్కీలు అంటే బస్తాలు ఎన్ని, ఏ రకం, ఏ చాంబరు, బాండు నంబరు, ఆ బాండు మీద బ్యాంకు అప్పు ఉందా లేదా, అన్నీ ఆ వరుసలోనే ఉంటాయి. అందులో ఒక అంకె తారుమారైతే మనిషి ఇంటికి పోయి పెళ్లాం బిడ్డలకు ఏం చెప్పుకోవాలి?

1989లో ఆ ఆఫీసులో నేను మొదటిసారి కూర్చున్నప్పుడు ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు, అందులో డీబేస్ త్రీ ప్లస్. నల్లటి తెర మీద ఒక చుక్క, దాని పక్కన మిణుకుమనే గీత. డాట్ ప్రాంప్ట్ అనేవాళ్లం. ఆ చుక్క దగ్గర మనం ఏం టైపు చేస్తే అదే జరిగేది. సరుకు లెక్క ఒక డీబీఎఫ్ ఫైలు, దాని సూచిక ఒక ఎన్‌డీఎక్స్ ఫైలు. కాలమ్ పేరు పది అక్షరాలు దాటకూడదు. ఆ పది అక్షరాల్లో ఇరికించిన పేర్లు ఇప్పటికీ నోటికి వస్తాయి. డేటా ఎక్కడుంది అని ఎవరైనా అడిగితే, ఇదిగో ఈ డబ్బాలో, ఈ డిస్కులో, ఈ ఫోల్డర్లో అని వేలు పెట్టి చూపించేవాణ్ణి. సాయంత్రం ఆరింటికి ఫ్లాపీల్లోకి కాపీ తీసి, బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి యజమాని చేతికిచ్చి ఇంటికి పోయేవాణ్ణి.

కరెంటు పోతే నరకమే. వరుస చేరుస్తుండగా దీపం ఆరిపోతే, ఫైలు తల భాగంలో ఉండే వరుసల సంఖ్య ఒకటి, లోపల నిజంగా ఉన్నవి ఒకటి అయ్యేవి. సూచిక చెడిపోయి ఉన్న లాటుని లేదనేది. అప్పుడు రీఇండెక్స్ కొట్టి కూర్చోవాలి. బయట లారీలు హారన్లు కొడుతుంటాయి, హమాలీలు బీడీలు వెలిగించుకుని కూర్చుంటారు, గుమాస్తా నా వెనకాలే నిలబడి ఉంటాడు. అంత ఒత్తిడిలోనూ ఏది పాడైందో నాకు తెలిసేది. వరుసలు పోయాయా, సూచిక మాత్రమే పోయిందా అన్నది ఐదు నిమిషాల్లో చెప్పేవాణ్ణి.

1994లో ఫాక్స్‌ప్రో 2.6 పెట్టి నాలుగు మిషన్లు కలిపాం. గేటు దగ్గర ఒకటి, కాటా దగ్గర ఒకటి, ఆఫీసులో రెండు. నల్లటి కోయాక్సియల్ తీగ గోడ వెంట మేకులు కొట్టి లాగాం. ప్రతి మిషన్ వెనకా టీ ఆకారంలో ఒక బీఎన్‌సీ ముక్క, తీగ రెండు కొసలా 50 ఓముల టెర్మినేటరు. ఆ పద్ధతిలో తీగ 185 మీటర్లు దాటకూడదు, అందుకని గేటు నుంచి ఆఫీసు దాకా టేపు పట్టుకుని నేనే కొలిచాను. ఊడ్చే మనిషి చీపురు తగిలి ఒక్క టీ ముక్క వదులైతే నాలుగు మిషన్లూ ఒకేసారి ఆగిపోయేవి. వంగి, బల్లల కింద దూరి, చేత్తో ఒక్కొక్కటీ తడుముకుంటూ పోయేవాణ్ణి. వదులైనది వేలికి తగలగానే తెలిసేది. బిగిస్తే నాలుగూ లేచేవి.

ఫైలు పంచుకునే ఆ పద్ధతి గొప్పదని నేననను. ఫైలు ఒక మిషన్లో ఉండి, వెతికే పని ఇంకో మిషన్ చేస్తుంటే, సూచిక సరిగా లేనప్పుడు ఫైలంతా తీగ మీద నడిచి రావాల్సిందే. ఒక్క లాటు కోసం చాంబరంతా ఖాళీ చేసి టిక్కీలన్నీ ఆఫీసు వరండాలో పరిచి వెతుక్కున్నట్టు ఉండేది. ఇద్దరు ఒకే వరుసలో చెయ్యి పెడితే ఒకరి లాక్ కోసం ఇంకొకరు కాసుకు కూర్చునేవాళ్లు. సర్వర్ వచ్చాక ఆ బాధ తప్పింది. సర్వర్ అంటే చాంబరు తలుపు దగ్గర ఒక గుమాస్తాని కూర్చోబెట్టడం. చీటీ రాసిస్తే అడిగిన సరుకు మాత్రమే బయటికి వస్తుంది. సగంలో కరెంటు పోతే, సగం జరిగిన పనిని వెనక్కి తీసి ముందున్నట్టే ఉంచుతుంది. ఇది మంచి మార్పే. నా కోపం సర్వర్ మీద కాదు.

1998లో మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లోకి కార్డ్ పేరుతో కంప్యూటర్ రిజిస్ట్రేషన్లు వచ్చాయి. అదే ఏడాది హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచారు. ఊళ్లో అందరి నోటా కంప్యూటరు మాటే. మా యజమాని కూడా "మనమూ పెద్ద పద్ధతిలోకి పోదామండీ" అన్నారు. 1999లో యాక్సెస్ 97 ముందు పెట్టి, వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్ 7 పెట్టాం. ఆ రెంటినీ కలిపింది ఓడీబీసీ.

ఓడీబీసీ గురించి ఇప్పటి పిల్లలకు ఎవరూ సరిగా చెప్పడం లేదు. 1992లో వచ్చిందది. అంతకుముందు ప్రతి డేటాబేస్‌కి దాని భాష దానిదే, ప్రతి ప్రోగ్రాముకీ ఒక్కో డేటాబేస్‌తో మాట్లాడటం విడిగా నేర్పాలి. ఓడీబీసీ మధ్యలో ఒక దుబాసీని పెట్టింది. మన కోరమండల్ తీరాన కంపెనీవాళ్లకీ నేతగాళ్లకీ మధ్య దుబాసీలు ఉండేవాళ్లే, అలాగన్నమాట. ప్రోగ్రాము ఒకే రకంగా అడుగుతుంది, డ్రైవరు అనే దుబాసీ దాన్ని అవతలి సర్వర్‌కి అర్థమయ్యే మాటలోకి మార్చి చెప్తుంది. ఏ దుబాసీని పిలవాలి, ఏ ఊరికి పంపాలి, ఏ ఇంటి తలుపు తట్టాలి అని రాసి పెట్టుకునే చీటీయే డీఎస్‌ఎన్. ఆ చీటీ ఒక్క మనిషికే కనపడేదైతే యూజర్ డీఎస్‌ఎన్, మిషన్ మీద కూర్చున్న అందరికీ కనపడేదైతే సిస్టమ్ డీఎస్‌ఎన్.

కలపడానికి మాకు రెండు రోజులు పట్టింది. తొందరపడలేదు. ముందు సర్వర్ మిషన్‌కి పింగ్ కొట్టి చూశాం. జవాబు వచ్చింది కాబట్టి తీగ బాగుంది. తర్వాత టెల్‌నెట్‌తో 1433 నంబరు తలుపు తట్టాం. ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలుగా వినేది ఆ పోర్టు మీదే. మైసీక్వెల్ అయితే 3306, పోస్ట్‌గ్రెస్ అయితే 5432, ఒరాకిల్ అయితే 1521. తలుపు తెరుచుకుంది. తర్వాత లాగిన్. గేటు గుమాస్తాకి ఒకటి, కాటా గుమాస్తాకి ఒకటి, అకౌంటెంట్‌కి ఒకటి. గేటు గుమాస్తా సరుకు రాక రాయగలడు, బ్యాంకు అప్పు కాలమ్ ముట్టుకోలేడు. ఆ తర్వాతే డీఎస్‌ఎన్ రాశాం. ఆఖరికి యాక్సెస్‌లో ఒక్కొక్క టేబుల్‌ని లింక్ చేశాం. ఏ రోజు ఏం చేశామో, ఏ నంబరు ఎందుకు వేశామో ఒక నోటు పుస్తకంలో రాశాను. నీలం అట్ట పుస్తకం. మూడు సిరాలు మారాయి దాంట్లో.

మార్చి చివర్లో ఆ కుర్రాడి దగ్గర్నుంచి మళ్లీ ఫోను. ఈసారి గొంతులో కంగారు. "బాబాయ్, ఒక్కసారి రండి."

వెళ్లేసరికి ఆఫీసులో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేతిలో ఈ ఏడాది బాండు. 412 నంబరు లాటు, 341 రకం, 85 టిక్కీలు. తెర మీద మాత్రం 412 దగ్గర వేరే ఊరి రైతు పేరు, తేజ రకం, 60 టిక్కీలు. అదీ ఒకసారి కాదు, అదే వరుస కింద మళ్లీ అదే వరుస. ఆయన బాండుని బల్ల మీద పరిచి, 85 అనే అంకె మీద వేలు ఉంచి, "ఇది నా సరుకు బాబూ" అని ఒకే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. గుమాస్తా మానిటర్ వైపు చూపిస్తున్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పేవాళ్లు కారు.

ఏం జరిగిందో చెప్తాను, ఇది అందరికీ పనికొచ్చే విషయం. లాటు నంబర్లు ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి. పోయినేడు అమ్ముడుపోని సరుకు, ఈ ఏడు వచ్చిన సరుకు కలిపి ఒకేచోట కనపడాలని ఈ అబ్బాయి సర్వర్ మీద ఒక వ్యూ రాశాడు. దాన్ని యాక్సెస్‌లో లింక్ చేసేటప్పుడు ఒక చిన్న కిటికీ వస్తుంది. ఏ కాలమ్‌ని బట్టి వరుసల్ని విడివిడిగా గుర్తుపట్టాలో చెప్పమంటుంది. ఏదీ చెప్పకుండా వదిలేస్తే చూడటానికే తప్ప మార్చడానికి కుదరదు. మార్చడం కుదరాలని ఇతను లాటు నంబరు మీద టిక్కు పెట్టి ఓకే నొక్కాడు. ఇక యాక్సెస్ చేసే పని ఏమిటంటే, ముందు తాళంచెవుల జాబితా ఒకటి తెచ్చుకుంటుంది, తర్వాత ఒక్కో తాళంచెవి చూపించి ఒక్కో వరుస తెచ్చుకుంటుంది. రెండు గదులకు ఒకే తాళంచెవి అని మనమే చెప్పాం కదా, అది మొదట తెరుచుకున్న గదినే రెండుసార్లు చూపించింది. సర్వర్‌లో రెండు లాట్లూ భద్రంగానే ఉన్నాయి. తెర మీద కనిపించినదే తప్పు. లింక్ తీసేసి, సంవత్సరం, లాటు నంబరు రెండూ కలిపి టిక్కు పెట్టి మళ్లీ లింక్ చేస్తే ఆ పెద్దాయన 85 టిక్కీలూ ఆయన పేరు మీద కనపడ్డాయి. రెండు నిమిషాల పని. ఆయన మాత్రం పొద్దుటి నుంచి అన్నం తినకుండా నిలబడి ఉన్నాడు.

మా రోజుల్లో ప్రైమరీ కీ లేని టేబుల్ అంటే ఇంటిపేరు లేని మనిషి కింద లెక్క. టేబుల్ రాయకముందే, ఈ వరుసని దేనితో గుర్తుపడతావు అని ఒకరినొకరు అడిగేవాళ్లం. ఇప్పుడా ప్రశ్న ఒక కిటికీ అడుగుతోంది, వీళ్లు చదవకుండా ఓకే కొడుతున్నారు.

వచ్చాను కదా అని మిగతావి కూడా చూస్తానన్నాను. రెండో గదిలో ఉన్న మిషన్ అసలు కనెక్టే కావడం లేదట. "ఏదో ఎర్రర్ వస్తోంది బాబాయ్" అన్నాడు. ఏదో అంటే ఏది? ఓడీబీసీ ఎర్రర్ ముందు ఐదక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది. ఎక్కడ ఆగిందో అదే చెప్తుంది. ఐఎం002 అంటే డీఎస్‌ఎన్ చీటీయే దొరకలేదు. 08001 అంటే చీటీ పట్టుకుని బయల్దేరారు, అవతలి తలుపు తెరుచుకోలేదు, కాబట్టి పోర్టో ఫైర్‌వాలో చూసుకోవాలి. 28000 అంటే తలుపు తీశారు, నీ పేరో పాస్‌వర్డో ఒప్పుకోలేదు. మేము ఈ కోడ్‌లు కాయితం మీద రాసి మానిటర్ పక్కన అతికించుకునేవాళ్లం. ఇతను ఆ ఎర్రర్‌ని సగం ఫొటో తీసి ఎవరికో పంపాడు, కోడ్ ఉన్న భాగం ఫొటోలో లేదు.

అక్కడ ఉన్నది ఐఎం014. ప్రోగ్రాముకీ డ్రైవరుకీ పొత్తు కుదరలేదని దాని అర్థం. ఎంఎస్ ఆఫీస్ 32 బిట్ది, డ్రైవరు 64 బిట్ది వేశాడు. దీనికి మాత్రం కుర్రాడిని పూర్తిగా తప్పు పట్టను. 64 బిట్ విండోస్‌లో ఓడీబీసీ సెట్టింగుల ప్రోగ్రాములు రెండుంటాయి. రెంటి ఫైలు పేరులోనూ 32 అనే ఉంటుంది. 64 బిట్ది సిస్టమ్32 అనే ఫోల్డర్లో ఉంటుంది, 32 బిట్ది సిస్‌వావ్64 అనే ఫోల్డర్లో ఉంటుంది. పేరు ఒకటి, మనిషి ఇంకొకడు. ఇలాంటి పేర్లు పెట్టినవాళ్లు లక్షల మంది పని గంటలు తినేశారు.

ఆ తర్వాత చూసింది నన్ను ఎక్కువ బాధపెట్టింది. రైతు పేరు మాకు రెండు కాలమ్‌లలో ఉంటుంది, ఒకటి ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకటి తెలుగులో. ఆ తెలుగు కాలమ్ మేము ఎంత కష్టపడి సంపాదించుకున్నదో ఇప్పటివాళ్లకు తెలీదు. డాస్ రోజుల్లో తెర మీద తెలుగు కనపడాలంటే సీడాక్‌వాళ్ల జిస్ట్ కార్డు మిషన్‌లో బిగించాలి. తర్వాత విండోస్‌లో ఫాంటు మాయతో తెలుగు. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టేవాళ్లు, ఫాంటు మారితే పేరు చెత్తగా మారిపోయేది, అక్షర క్రమంలో పేర్చడం కుదిరేది కాదు. యూనికోడ్ వచ్చాక గదా రైతు తన పేరు తన బాండు మీద తన లిపిలో చదువుకున్నాడు. బాండు చేతికిచ్చినప్పుడు, చదువు తక్కువైన మనుషులు సైతం తమ పేరు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదవడం నేను కళ్లారా చూశాను.

కొత్త సర్వర్‌లో ఆ కాలమ్ నిండా ప్రశ్నార్థకాలు. వరుస తర్వాత వరుస, అన్నీ ప్రశ్నార్థకాలే.

"ఫాంట్ లేదు బాబాయ్, వేస్తా" అన్నాడు.

ఫాంటు లేకపోతే డబ్బాలు కనపడతాయి. ప్రశ్నార్థకాలు కనపడితే అనుమానించాలి. సర్వర్‌నే అడిగాను, ఈ పేరులో మొదటి అక్షరం సంఖ్య ఎంత అని. 63 అంది. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన చోటు 3072 నుంచి 3199 దాకా. 63 అంటే ప్రశ్నార్థకమే. అంటే తెలుగు అక్షరం అక్కడ లేదు, కనపడకపోవడం కాదు, పోయింది. కాలమ్‌ని ఎన్‌వార్‌చార్‌గా పెట్టాల్సింది, వార్‌చార్‌గా పెట్టాడు. ఆ వార్‌చార్ వాడే కోడ్ పేజీలో తెలుగుకి చోటే లేదు. చోటు లేని పెట్టెలో పెట్టబోతే సర్వర్ ఒక్కో అక్షరాన్నీ ప్రశ్నార్థకంగా మార్చి దాచింది, ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వకుండా. అలా మారిపోయాక దాన్ని వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు. ఎన్‌వార్‌చార్ పెట్టినా, సర్వర్‌కి నేరుగా పంపే క్వెరీలో తెలుగు మాటకు ముందు ఎన్ అనే అక్షరం పెట్టకపోతే మళ్లీ ఇదే గతి. మైసీక్వెల్‌కి ఓడీబీసీ డ్రైవర్లు రెండు రకాలు, యాన్సీ, యూనికోడ్. తెలుగు ఉన్నచోట మొదటిదాన్ని ఎంచుకుంటే అక్కడా ఇంతే.

పేర్లన్నీ కాపీ చేసి పెట్టుకున్న పాత యాక్సెస్ ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో మిగిలి ఉంది కాబట్టి బతికాం. కాలమ్ మార్చి, అందులోంచి పేర్లన్నీ మళ్లీ ఎక్కించాం. ఆ పెన్‌డ్రైవ్ ఎవరైనా చెరిపేసి ఉంటే, ఆ పేర్లన్నీ మళ్లీ టైపు చేయడానికి ఎన్ని రోజులు పట్టేదో.

ఇక తలుపుల సంగతి. ఫైర్‌వాల్‌లో 1433 పోర్టు ప్రపంచంలోని అన్ని చిరునామాలకూ తెరిచి ఉంది. ఎందుకురా అంటే, "లేకపోతే కనెక్ట్ అవ్వట్లేదు బాబాయ్" అన్నాడు. లాగిన్ ఎస్ఏ. అంటే సర్వర్‌కి సర్వాధికారి. ఆ ఎస్ఏ పాస్‌వర్డు యాక్సెస్ లింకుల్లోనే సేవ్ అయి ఉంది. లింక్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ సేవ్ చేయమంటే అది ఫైలు లోపల మామూలు అక్షరాల్లోనే ఉంటుంది, తెలిసినవాడు తెరిచి చదువుకోవచ్చు. ఆ ఫైలు ఇంటి దగ్గర పని చేసుకోవడానికని నలుగురు గుమాస్తాల ల్యాప్‌టాప్‌లలో ఉంది. పైగా కొత్త డ్రైవరు, అదే 18వ వెర్షన్, సర్వర్ సర్టిఫికెట్ నమ్మదగ్గది కాదని మొరాయిస్తే, నెట్‌లో దొరికిన ట్రస్ట్ సర్వర్ సర్టిఫికేట్ అనే మాట స్ట్రింగ్‌కి తగిలించి దాని నోరు మూయించాడు. అవతల తలుపు తీసినవాడు మనవాడో కాదో చూడకుండా లోపలికి పొమ్మని చెప్పడమే అది.

సర్వర్ లాగ్ తెరిచి చూపించాను. ఎస్ఏ పేరుతో లాగిన్ విఫలం, 18456. దాని కింద మళ్లీ 18456. మౌస్ చక్రం తిప్పుతూనే ఉన్నాను, అవే వరుసలు, మాకు సంబంధం లేని చిరునామాల నుంచి, రాత్రీ పగలూ. ఎవడో ఎక్కడో కూర్చుని మా రైతుల సరుకు ఉన్న గది తాళం మీద ఒక్కో తాళంచెవీ పెట్టి చూస్తున్నాడు. కుర్రాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

తెరిచిన తలుపు ఏం చేస్తుందో ముందే ఒకసారి చూశాం. 2003 జనవరి 25, శనివారం. ఆ రోజు మా తరం వాళ్లకు గుర్తే. 376 బైట్ల పురుగు ఒకటి, స్లామర్ అన్నారు దాన్ని, 1434 పోర్టు మీదుగా ఎస్‌క్యూఎల్ సర్వర్లలోకి దూరి పది నిమిషాల్లో లోకమంతా చుట్టేసింది. దాన్ని అడ్డుకునే ప్యాచ్ అంతకు ఆరు నెలల ముందే, 2002 జులైలో వచ్చింది. వేసుకోనివాళ్లు చాలామంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. తమ మిషన్లో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉందని కూడా తెలియనివాళ్లు ఎందరో. ఏదో చిన్న ప్రోగ్రాము వేసుకుంటే దాంతోపాటు ఎంఎస్‌డీఈ పేరుతో అదే ఇంజిను లోపలికి వచ్చి కూర్చుంది. ఆ సోమవారం నేను లెక్కలు చూసే ప్రతి ఆఫీసుకీ తిరిగి, ఏ మిషన్లో ఏం వింటోందో చూసి, నీలం అట్ట పుస్తకంలో రాసుకున్నాను. ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదు, మా చేతిలో పెట్టిన డేటా అది.

ఇప్పుడు హైదరాబాదు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నెలరోజుల్లో అన్నీ నేర్పుతామంటున్నారు. నేర్పనీ, మంచిదే. పాఠం మొదటిరోజే పిల్లల్ని ఒక ఖాళీ సర్వర్ ముందు కూర్చోబెట్టి, కనెక్షన్ కుదరకుండా చేసి, ఎందుకు కుదరలేదో కనిపెట్టమనాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ వేసుకుంటే టీసీపీ దారి మొదట మూసే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ మొదట సొంత మిషన్ మాట మాత్రమే వింటుంది, బయటివాళ్లు ఎవరు రావచ్చో పీజీ హెచ్‌బీఏ ఫైలులో వరుసగా రాయాలి. తయారుచేసినవాళ్లు ఇవి మూసి ఇచ్చింది మనం ఆలోచించి తెరవాలని. మనవాళ్లు వాటిని అడ్డంకులనుకుంటున్నారు. అన్నీ ఒక్క దెబ్బకు బార్లా తెరిచే దారి నెట్‌లో వెతుక్కుంటున్నారు.

నిదానం గురించీ ఒక మాట. కుర్రాడు ఫారం తెరిస్తే లాట్ల టేబుల్ మొత్తం వస్తోంది. ఒకే గదిలో సర్వర్ ఉన్నప్పుడు అది కనపడలేదు, ఇప్పుడు ఊరవతల నుంచి రావాలి, కాటా దగ్గర లారీ ఆగిపోతోంది. ముందు లాటు నంబరు అడిగి, ఆ ఒక్క వరుసే తెమ్మని రాయించాను. చాంబరంతా వరండాలో పరిచి వెతికే పాత అలవాటు కొత్త సర్వర్ మీద కూడా వదలకపోతే సర్వర్ ఎందుకు?

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చున్నాం. 1433 ని ఆఫీసు చిరునామాకే పరిమితం చేశాం. ఎస్ఏ మూసేశాం. గేటుకీ కాటాకీ అకౌంట్స్‌కీ విడివిడి లాగిన్లు, ఎవరికి ఎంత కావాలో అంతే. సర్వర్‌కి సరైన సర్టిఫికెట్ పెట్టి, స్ట్రింగ్‌లోంచి ఆ ట్రస్ట్ మాట తీసేశాం. ఇంటి ల్యాప్‌టాప్‌లలో ఉన్న ఫైళ్లన్నీ చెరిపించాం. ఒక్కొక్కటీ అతనిచేతే చేయించాను, చేసింది ఏమిటో అతనిచేతే రాయించాను. రాత్రి తొమ్మిదిన్నర అయింది. నీలం అట్ట పుస్తకం అతనికిచ్చి వచ్చాను.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరి ఆఫీసులోనైనా బల్ల మీద ఒక ప్రోగ్రాము, అవతల ఒక సర్వర్ ఉంటే, రేపు పొద్దున తలుపులు తెరవగానే ఈ ఒక్క పని చేయండి. ఆ ప్రోగ్రాము ఏ పేరుతో లాగిన్ అవుతోందో చూడండి. అది ఎస్ఏ అయినా, మైసీక్వెల్‌లో రూట్ అయినా, పోస్ట్‌గ్రెస్‌లో పోస్ట్‌గ్రెస్ అయినా, మధ్యాహ్నం భోజనానికి లేవకముందే మార్చేయండి.